ఆర్కిటెక్ట్ లైసెన్సు పరీక్ష ఎక్కడుంది? విజయనగరం, శ్రీకాకుళం విద్యార్థులకు నాటా దారి

ఇంటర్ చదివే అమ్మాయో అబ్బాయో ఆర్కిటెక్ట్ అవుతానంటే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నల్లో ఒకటి: "చదువయ్యాక లైసెన్సుకి మళ్లీ పరీక్షేమైనా రాయాలా?" లాయర్లకు బార్ పరీక్ష ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే ఏళ్ల తరబడి పరీక్షలే. కాబట్టి అనుమానం సహజం. ఆర్కిటెక్చర్ విషయంలో మన దేశంలో దీనికి జవాబు, లేదు అనే. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న కాలేజీలో ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) పూర్తిచేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకుంటే 'సీఏ' అక్షరాలతో మొదలయ్యే నంబరు ఇస్తారు. వేరే లైసెన్సు అంటూ ఏమీ లేదు, ఆ నంబరే లైసెన్సు.

చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరును. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. నమోదు లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు తప్ప, భవనాల డిజైన్ పని చేయడాన్ని ఈ చట్టం నిషేధించలేదని తీర్పు. పట్టణాల్లో ఇళ్ల ప్లాన్లు గీసే సివిల్ ఇంజనీర్లు, సర్వేయర్లు మున్సిపల్ లైసెన్సుతో పనిచేస్తూనే ఉన్నారు, బోర్డు మీద మాత్రం ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు. అమెరికాలో స్థిరపడాలనుకునేవాళ్ల లెక్క వేరు. అక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. ఆరు భాగాల ఏఆర్ఈ (ఆర్కిటెక్ట్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్) రాయాలి, 3,740 గంటల పని అనుభవం చూపించాలి, విదేశీ డిగ్రీ అయితే దాని మదింపు కూడా ఉంటుంది. అదంతా పట్టా చేతికొచ్చాక చూసుకునే వ్యవహారం.

ఇక్కడ వడపోత గుమ్మం దగ్గరే జరిగిపోతుంది. బీఆర్క్‌లో చేరడానికి రాసే ఆ ప్రవేశ పరీక్ష పేరు నాటా (నేషనల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఇన్ ఆర్కిటెక్చర్). 2006 నుంచి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చరే దీన్ని నిర్వహిస్తోంది. అంటే వృత్తిలోకి వెళ్లే పరీక్షను పదిహేడేళ్ల వయసులో, బొమ్మ గీయడం గురించి ఒక్క పీరియడ్ కూడా చెప్పని ఎంపీసీ చదువు మధ్యలో రాయాల్సి వస్తోంది. విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు వెనకబడేది ఎక్కువగా ఇక్కడే. లెక్కలు రాకపోవడం వల్ల కాదు, పెన్సిల్ పట్టడం ఇంటర్ పరీక్షలయ్యాక మొదలుపెట్టడం వల్ల.

ఏ పరీక్షకు ఏ సీటు

ముందు ఒక పొరపాటు సంగతి. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకుతో బీఆర్క్ సీటు రాదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు బీఆర్క్ కనబడక కంగారుపడి అప్పుడు నాటా గురించి వాకబు చేసేవాళ్లు ఏటా ఉంటారు. అప్పటికి నాటా తేదీల్లో చాలాభాగం గడిచిపోయి ఉంటుంది.

మన రాష్ట్రంలోని కాలేజీల్లో సీట్లకు నాటా స్కోరుకు, ఇంటర్ మార్కులకు సమాన వెయిటేజీ ఇచ్చి మెరిట్ కడతారు. ఈ లెక్క అర్థమైతే శ్రమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఇంటర్లో 90 శాతం, నాటాలో 200కు 110 తెచ్చుకున్నవాళ్లకు 45, 27.5 కలిపి 72.5 అవుతుంది. ఇంటర్లో 80 శాతమే వచ్చినా నాటాలో 140 తెచ్చుకున్నవాళ్లకు 40, 35 కలిపి 75. ఇంటర్లో పది శాతం పోతే దాన్ని నాటాలో 20 మార్కులు పూడుస్తాయన్నమాట. ఇంటర్లో 85 మీదున్న పిల్లలకు ఇంకో ఐదు శాతం పెంచుకోవడం గగనం. అదే బొమ్మలో 20 మార్కులు పెరగడం నాలుగైదు నెలల సాధనతో అయ్యే పని.

విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు, రూర్కెలా, రాయ్‌పూర్ లాంటి ఎన్ఐటీల బీఆర్క్ సీట్లకు జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాలి. ఐఐటీల్లో బీఆర్క్ కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కి, ఆపైన ఏఏటీ (ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే ఇంకో పరీక్ష రాయాలి.

నాటాకు అర్హత ఇంటర్లో 45 శాతం. లెక్కలు, ఫిజిక్స్ తప్పనిసరి. లెక్కలు లేని బైపీసీ వాళ్లకు దారి లేదు. లెక్కలు ఒక సబ్జెక్టుగా మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు రాయవచ్చు. అయితే పాలిటెక్నిక్‌లో సివిల్ చదివొచ్చినా బీటెక్‌లో లాగా నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్లడం కుదరదు, మొదటి ఏడాదిలోనే చేరాలి.

మార్కుల మ్యాపు

2024 నుంచి నాటా రెండు భాగాలుగా జరుగుతోంది. మొదటిది కాగితం మీద బొమ్మ, 90 నిమిషాలు, 80 మార్కులు. రెండోది కంప్యూటర్ మీద 50 ప్రశ్నలు, ఇంకో 90 నిమిషాలు, 120 మార్కులు. బొమ్మల భాగంలో మూడు ప్రశ్నలుంటాయి. రంగుల కూర్పుకు 25, నలుపు తెలుపు స్కెచ్‌కు 25, ఇచ్చిన సామగ్రితో త్రిమితీయ కూర్పు కట్టడానికి 30. ఒకే ఏడాదిలో మూడుసార్ల దాకా రాసే అవకాశం ఇస్తూ వచ్చారు, అందులో మంచి స్కోరు లెక్కలోకి వస్తుంది. కనీస మార్కులు, ఎన్నిసార్లు రాయవచ్చు, తేదీలు ఏటా సమాచార పుస్తకంలో మారుతుంటాయి. నిరుటి పుస్తకం పట్టుకుని కూర్చోకూడదు.

మార్కులు పోయేది ఎక్కువగా బొమ్మల దగ్గరే కాబట్టి అక్కడే కాసేపు ఆగాలి.

గంటస్తంభం ముందు ఒక కాగితం

పర్‌స్పెక్టివ్ (కంటికి దగ్గరవి పెద్దగా, దూరానివి చిన్నగా కనబడే తీరులో గీయడం) నేర్చుకోవడానికి యూట్యూబ్‌లో కనబడే అమెరికా వీధులకన్నా విజయనగరం గంటస్తంభం నయం. 1885లో కట్టింది, ఎత్తు సుమారు 68 అడుగులు, ఎనిమిది ముఖాలు. చదరపు పెట్టె ఎవరైనా గీస్తారు. ఎనిమిది ముఖాల బురుజు గీయమంటే చూసి గీసినవాళ్లెవరో బట్టీపట్టినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది.

ఒక ముఖం సూటిగా మనవైపు ఉండేలా నిలబడితే మూడు ముఖాలు కనబడతాయి. వాటి వెడల్పులు సమానంగా గీయడమే అందరూ చేసే మొదటి తప్పు. పక్క ముఖాలు 45 డిగ్రీలు వాలి ఉంటాయి కనుక సన్నగా కనబడతాయి. నిష్పత్తి దాదాపు 3:4:3. అంటే బురుజు మొత్తం వెడల్పు 5 సెంటీమీటర్లు గీస్తే నడిమి ముఖం 2, అటూ ఇటూ ఒకటిన్నర చొప్పున. కొంచెం పక్కకు జరిగి ఒక అంచు సూటిగా ఎదురొచ్చేలా నిలబడితే నాలుగు ముఖాలు కనబడతాయి, అప్పుడు నిష్పత్తి 3:7:7:3 అవుతుంది. ఈ రెండు నిష్పత్తులూ చేతికి అలవాటైతే స్తంభమైనా నీళ్లట్యాంకైనా గుడి మండపమైనా బెదరక్కర్లేదు. అష్టభుజి అడుగు పటం కావాలంటే చదరం గీసి, ప్రతి మూల నుంచి రెండువైపులా భుజంలో మూడు పదోవంతులు వదిలి కోసేయాలి. 10 సెంటీమీటర్ల చదరానికి ఖచ్చితంగా 2.93 సెంటీమీటర్లు వస్తుంది. మూడు అనుకున్నా కంటికి తేడా తెలియదు.

రెండో తప్పు మనుషుల దగ్గర. స్తంభం 68 అడుగులు, మనిషి ఐదున్నర. అంటే స్తంభం ఎత్తులో మనిషి పన్నెండో వంతు. ఏ4 కాగితం మీద స్తంభాన్ని 24 సెంటీమీటర్లు గీస్తే దాని మొదట్లో నిలబడ్డ మనిషి 2 సెంటీమీటర్లు ఉండాలి. చాలామంది 5, 6 సెంటీమీటర్ల మనిషిని గీస్తారు. దాంతో గంటస్తంభం కాస్తా పాతికడుగుల కరెంటు స్తంభం అంత అయిపోతుంది.

మూడోది కంటి ఎత్తు గీత, హొరైజన్ లైన్ అనేది. నేల మీద నిలబడి చూస్తున్నామంటే ఆ గీత నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. మన 24 సెంటీమీటర్ల బొమ్మలో అడుగు నుంచి 1.8 సెంటీమీటర్లు. అలవాటు కొద్దీ గీతను కాగితం మధ్యలో వేస్తే ముప్పై అడుగుల మేడ మీంచి చూస్తున్నట్టు వస్తుంది. ప్రశ్నలో మాత్రం 'రోడ్డు మీద నిలబడి' అని ఉంటుంది. సమతలమైన వీధిలో నిలబడ్డ పెద్దవాళ్లందరి తలలూ, దగ్గరున్నా దూరమున్నా, ఇంచుమించు ఈ గీత మీదే ఉంటాయి. పాదాలు మాత్రమే పైకీ కిందికీ జరుగుతాయి. ఈ ఒక్క సూత్రంతో బజారు బొమ్మలో జనం గాల్లో తేలడం ఆగిపోతుంది. పిల్లలూ రిక్షాలో కూర్చున్నవాళ్లూ ఈ లెక్కలోకి రారు, అది గుర్తుంచుకోవాలి.

ఎంత దూరం నుంచి గీయాలన్నదీ లెక్కే. కన్ను హాయిగా చూడగలిగే కోణం పైకి 30 డిగ్రీల దాకా అనుకుంటే, 68 అడుగుల స్తంభానికి సుమారు 110 అడుగుల దూరం కావాలి. అంతకన్నా దగ్గరకెళ్లి ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని చూసి గీస్తే నిలువు గీతలు పైకి పోను పోను దగ్గరపడతాయి. ఫోన్ లెన్స్ చేసిన వంకరను చేతితో మళ్లీ గీసినట్టవుతుంది. సాధనకు ఫొటో వాడక తప్పదంటే దూరం నుంచి, ఫోన్ నిలువుగా పట్టుకుని తీయాలి.

ఇక జనం, కదలిక. పరీక్షలో అడిగే స్కెచ్‌లలో పండగ, సంత, బస్టాండ్, వాన లాంటి సందర్భాలకు కొదవ లేదు. దసరా తరవాత వచ్చే మంగళవారం నాటి పైడితల్లి సిరిమానోత్సవం కన్నా గొప్ప కూర్పు పాఠం ఉత్తరాంధ్రలో దొరకదు. జనం తలలన్నీ అడ్డంగా ఒక పట్టీ, వెనక కోట గోడ ఇంకో పట్టీ, రెండింటినీ కోస్తూ ఏటవాలుగా పైకి లేచిన చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి. కన్ను ఆ ఏటవాలు గీత వెంటే పైకి పోతుంది. కాగితం మీద పెట్టేటప్పుడు పూజారిని సరిగ్గా మధ్యలో పెడితే ఆ లాగుడు చచ్చిపోతుంది. పైనుంచి మూడోవంతు దగ్గర, ఒక పక్కగా ఉండాలి. తలలు ముందు వరసలో పది పన్నెండు మాత్రమే వివరంగా గీసి, వెనక వరసలను గుండ్రటి గీతలతో, ఆపైన ఒట్టి షేడింగ్‌తో తేల్చేయాలి. వందమందికీ కళ్లూ ముక్కూ పెట్టబోయి సమయం చేతుల్లోంచి జారవిడుచుకోవడం మొదటిసారి రాసేవాళ్లకు మామూలే.

సూర్యుడు, రెండు కొండలు, ఎగిరే పక్షులు, కొబ్బరిచెట్టు. ఈ నలుగురూ అడగకుండానే బొమ్మలోకి వచ్చేస్తారు. ప్రశ్నలో లేకపోతే రానివ్వకూడదు.

రంగులు, సమయం

రంగుల ప్రశ్నలో సాధారణంగా కొన్ని ఆకారాలో ఒక సందర్భమో ఇచ్చి కూర్పు చేయమంటారు. ఇక్కడ ఓడించేది గడియారం. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 620 చదరపు సెంటీమీటర్లు. రంగు పెన్సిల్‌తో 10 సెంటీమీటర్ల చదరాన్ని తెల్లమచ్చ లేకుండా నింపడానికి నాలుగు నిమిషాలు పడితే కాగితం మొత్తానికి 25 నిమిషాలు కావాలి. ఆ ప్రశ్నకు మిగిలేదీ 25 నిమిషాలే. ఆలోచించడానికి నిమిషం కూడా ఉండదు. కాబట్టి ఇంట్లో ముందు ఆ చదరం ఒకటి నింపి సొంత చేతి వేగం ఎంతో కొలుచుకోవాలి. తరవాత కాగితంలో మూడోవంతునైనా తెల్లగా వదిలే కూర్పులు సాధన చేయాలి. తెలుపు కూడా ఒక రంగే, డబ్బు లేకుండా వచ్చేది.

రంగులు మూడు చాలు, వాటి ముదురు లేత ఛాయలతో కలిపి. ఒకటి ఎక్కువగా, ఒకటి దానిలో సగం, మూడోది ఎక్కడో ఒకచోట తళుక్కుమనేలా. సవర గిరిజనుల గోడ చిత్రాలు ఈ పాఠానికి బాగా పనికొస్తాయి. ఎర్రమట్టి గోడ, దాని మీద తెల్లటి పిండి గీతలు, రెండే రంగులు. ఒక చట్రంలో మనుషులు, చెట్లు, జంతువులు కిక్కిరిసి ఉన్నా ఒకదానిమీద ఒకటి ఎక్కవు. సీతంపేట వైపు వెళ్లినప్పుడు చూసి, మనుషుల బొమ్మల మధ్య ఖాళీ ఎంత వదిలారో గమనిస్తే కూర్పు అంటే ఏమిటో పట్టుబడుతుంది.

90 నిమిషాల్ని పంచుకోవడం: రంగులకు 25, స్కెచ్‌కు 25, త్రిమితీయ కూర్పుకు 30, చివరికి 10 చేతిలో. రంగుల ప్రశ్న ముందుంది కదా అని దాని దగ్గరే 40 నిమిషాలు కూర్చుంటే 30 మార్కుల మూడో ప్రశ్న గాల్లో కలుస్తుంది.

కూలిపోయే కట్టడాలు

మూడో ప్రశ్నకు సామగ్రి పరీక్ష గదిలోనే ఇస్తారు. అందులో ఏముంటుందో ముందే తెలియదు. కాబట్టి వస్తువును కాక అతికించే పద్ధతిని నేర్చుకోవాలి. జిగురు లేదనుకునే సాధన చేయడం మంచిది. మందపాటి అట్టను 5 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, ఒక్కోదానికి సగం ఎత్తు దాకా, అట్ట మందం ఎంతో అంతే వెడల్పు గాడి కోసి, ఎదురెదురుగా దూర్చితే రెండూ నిలబడతాయి. గాడి వెడల్పు కాస్త ఎక్కువైతే వాలిపోతుంది, తక్కువైతే అట్ట ముడత పడుతుంది.

కొబ్బరి ఈనెలతో, చీపురు పుల్లలతో, దారంతో ఒక చదరపు చట్రం కట్టి పక్కనుంచి నొక్కి చూడాలి. అది పక్కకు ఒరిగిపోతుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఇంకో పుల్ల కడితే బిగుసుకుంటుంది. నాలుగు కీళ్ల చదరం కదులుతుంది, మూడు కీళ్ల త్రిభుజం కదలదు. రేకుల షెడ్డు మీది ఇనప ట్రస్‌లోనూ ఉన్నది ఇదే. పరీక్షలో కట్టింది కూలడానికి మామూలు కారణాలు రెండు: పైన బరువు పెట్టి కింద పీఠం ఇరుకు చేయడం, ఇచ్చిన ముక్కలన్నీ వాడాలనే ఆత్రంలో చివరి ముక్కను ఎక్కడో గుచ్చడం. మొదటి ఐదు నిమిషాలు ముక్కలు లెక్కపెట్టి, ఏది పీఠం ఏది నిలువు అని తేల్చుకుని, ఆ తరవాతే చేయి పెట్టాలి. ప్రశ్నలో 'అన్నీ వాడాలి' అని ఉందా లేదా అన్నది రెండుసార్లు చదవాలి.

108 సెకన్లు

కంప్యూటర్ మీది 50 ప్రశ్నల్లో ఒక్కోదానికి 108 సెకన్లు. కొన్ని బహుళైచ్ఛికాలు, కొన్ని సంఖ్యాజవాబులు. ముందు ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి తరవాతి ప్రశ్న తేలికగానో కష్టంగానో వస్తుంది. వెనక్కి వెళ్లడం కుదరదు. ఈఏపీసెట్ మాక్ టెస్టుల్లో 'కష్టమైనవి వదిలేసి చివర్లో చూద్దాం' అని అలవాటైన పిల్లలు ఇక్కడ తడబడతారు. తప్పు జవాబుకు మార్కు పోదు కాబట్టి, 90 సెకన్లకల్లా తేలకపోతే ఏదో ఒకటి ఎంచుకుని సాగిపోవడమే. కాకపోతే సంఖ్య టైపు చేయాల్సిన ప్రశ్నల్లో ఊహ పనిచేయదు. అవి నికరంగా మార్కులొచ్చే లెక్కలే.

ఆ లెక్కల్లో తరచుగా వచ్చే రకం ఒకటి: రంగు పూసిన ఘనాన్ని చిన్న ఘనాలుగా కోస్తే ఎన్నింటికి ఎన్ని ముఖాల రంగు ఉంటుంది? 3×3×3 అయితే మూడు ముఖాలవి 8, రెండువి 12, ఒకటివి 6, రంగే లేనిది 1. 4×4×4 అయితే 8, 24, 24, 8. మూలలు ఎప్పుడూ 8, అంచులు 12, ముఖాలు 6 అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక అంచు మీది ఘనాల సంఖ్య నుంచి రెండు తీసేస్తే మిగతాది గుణకారం. 108 సెకన్లలో 30 చాలు.

ప్రశ్నలు ప్రధానంగా ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు భాషా ప్రశ్నల కన్నా రూపాల పేర్లే అడ్డం పడతాయి. దూలం, కమాను, వాసం, చూరు, పీఠం వంటి మాటలకు ఇంగ్లిష్‌లో ఏమంటారో ఒక 150 పదాల జాబితా బొమ్మలతో సహా నోటుబుక్కులో రాసుకుంటే ఆ బెడద తీరుతుంది.

అరసవల్లి నుంచి ఒక జవాబు

కట్టడాల గురించిన సామాన్య జ్ఞానం అనగానే పిల్లలు తాజ్‌మహల్, చండీగఢ్ బట్టీ పడతారు. అవి అవసరమే. కానీ అడిగే తీరు మారింది. పేర్ల కన్నా 'ఎందుకలా కట్టారు' అన్నదే ఎక్కువ. దానికి శ్రీకాకుళం చుట్టుపక్కలే బోలెడు సామగ్రి ఉంది.

అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని ప్రసిద్ధి. ఎందుకు ఆ తేదీలే, ఎందుకు రెండు జతలు? సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 23 ప్రాంతంలో. మొదటిదానికి పది పదకొండు రోజుల ముందు, రెండోదానికి ఎనిమిది తొమ్మిది రోజుల తరవాత సూర్యోదయం దాదాపు ఒకే చోట, తూర్పుకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా జరుగుతుంది. వరసగా ఉన్న ద్వారాలు ఆ దిక్కుకు తెరిచి ఉంటే, ఏడాదిలో ఆ రెండుసార్లే కిరణం లోపలిదాకా వస్తుంది. తేదీలు బట్టీ పట్టినవాళ్లకు ఒక మార్కు, ఈ కారణం తెలిసినవాళ్లకు ఇదే కోవలోని పది ప్రశ్నలు.

అదే వరసలో ఇంకోటి. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖరులో ఒకసారి. ఈ మధ్య రోజుల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి, ఐదు డిగ్రీల దాకా, పడుతుంది. ఉత్తరపు కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదు అని ఢిల్లీ లెక్కల పుస్తకం చూసి చెప్పే జవాబు మన దగ్గర తప్పు. డిసెంబరు ఆఖరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.

తీరం వెంబడి చుట్టిళ్లు చూసినా అంతే. గుండ్రటి మట్టిగోడ, శంకువులాంటి కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. గాలికి చదునైన ముఖం దొరకదు, వాన గోడకు తగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసిన ప్రాంతంలో 'తుపానుకు తట్టుకునే ఆశ్రయం గీయండి' అంటే కాంక్రీటు డబ్బా గీయాల్సిన పని లేదు. శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డున కళింగ పద్ధతి గుళ్లు, శాలిహుండంలో కొండమీది బౌద్ధ ఇటుక కట్టడాలు, రామతీర్థం దగ్గరి గుట్టలు. ఒక్కోచోట ఒక ఆదివారం, ఒక్కోదానికి నాలుగు స్కెచ్‌లు చాలు. శ్రీముఖలింగం శిఖరం బయటిగీతను ఒకసారి, ద్రావిడ గోపురం గీతను ఒకసారి పక్కపక్కన గీస్తే, ఒకటి నిలువుగా లేచి పైన లోపలికి వంగడం, రెండోది మెట్లు మెట్లుగా తగ్గడం చెప్పకుండానే తెలుస్తాయి.

పేపర్ 2ఏ తేడాలు

జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ వేరే ఎత్తు. లెక్కలు 25 ప్రశ్నలు 100 మార్కులు, ఆప్టిట్యూడ్ 50 ప్రశ్నలు 200, బొమ్మలు రెండు 100. మొత్తం 400, మూడు గంటలు. ఇక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది. బొమ్మ భాగం కాగితం మీదే. జామెట్రీ బాక్సు, పెన్సిళ్లు, రంగు పెన్సిళ్లు లేదా క్రేయాన్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, నీటిరంగులు కుదరవు. మన రాష్ట్రంలోని కేంద్రాల్లో తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకోవచ్చు. లెక్కలు బాగా వచ్చిన ఎంపీసీ పిల్లలకు ఇది నాటా కన్నా అనుకూలం. దరఖాస్తులో పేపర్ 1తో పాటు 2ఏ గడి టిక్ చేయడం మాత్రం మరిచిపోకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జేఈఈ మొదటి సెషన్ జనవరిలో, రెండోది ఏప్రిల్లో. నడుమ ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. నాటా మార్చిలోనో ఏప్రిల్లోనో మొదలవుతూ వస్తోంది. కాబట్టి రెండో ఏడాది దసరా సెలవులకల్లా పెన్సిల్ పట్టాలి. రోజుకు 40 నిమిషాలు, వారానికి ఆరు రోజులు, 24 వారాలైతే 96 గంటలు. పరీక్షలయ్యాక రోజుకు ఆరు గంటల చొప్పున 16 రోజుల క్రాష్ కోర్సు చేసినా 96 గంటలే. చేయి మాత్రం మొదటి పద్ధతిలోనే తిరుగుతుంది. మొదటి ఎనిమిది వారాలు గీతలు, పెట్టెలు, సిలిండర్లు, నీడలు. తరవాతి ఎనిమిది బజారు, ఇల్లు, జనం. చివరి ఎనిమిదిలో గడియారం పెట్టుకుని పూర్తి పేపర్లు, వారానికి ఒకటి. హాస్టల్లో ఉన్నవాళ్లకు స్టడీ అవర్లో 40 నిమిషాలు అడిగి తీసుకోవడమే అసలు కష్టం. లెక్చరర్‌కు పై వెయిటేజీ లెక్క చూపిస్తే కొందరైనా ఒప్పుకుంటారు.

సామగ్రి ఖరీదైనది అక్కర్లేదు. హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు, 24 రంగుల పెన్సిల్ డబ్బా, ఏ4 కాగితాల రీము. 6బితో మొదలుపెట్టి షేడింగ్ చేస్తే అరచేయి తగిలి కాగితమంతా మసి అవుతుంది. చేయి కింద ఇంకో కాగితం పెట్టుకుని, కుడిచేతివాటం వాళ్లు ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ రావాలి. గీసిన ప్రతి కాగితం మీదా తేదీ, పట్టిన నిమిషాలు వేసి దాచుకుంటే, నెల తరవాత ఏది మెరుగైందో ఏది కాలేదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కేంద్రం విశాఖపట్నం పడితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి పొద్దుటి రైలును నమ్ముకోవడం కన్నా ముందురోజు రాత్రికే చేరడం మంచిది. రైలు అరగంట లేటైతే పోయేది ఒక అవకాశం, ఒక ఫీజు.

సీటు తీసుకునే ముందు

స్కోరు వచ్చాక, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు చేయాల్సింది ఒకటుంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైటులో ఆ కాలేజీకి, చేరబోయే విద్యా సంవత్సరానికి, ఎన్ని సీట్లకు ఆమోదం ఉందో చూసుకోవాలి. నిరుడు ఉన్న ఆమోదం ఈ ఏడాదికి ఉందనుకోకూడదు. ప్రైవేటు కాలేజీ కౌంటర్లో 'వస్తుంది, ప్రాసెస్‌లో ఉంది' అంటే అది ఆమోదం కాదు. ఆమోదం లేని సీట్లో ఐదేళ్లు చదివి పట్టా తెచ్చుకున్నా నమోదు దగ్గర ఆగిపోతుంది. పరీక్ష లేని వ్యవస్థలో మళ్లీ రాసి గట్టెక్కే వీలు కూడా ఉండదు. ఆమోదం పేజీని తేదీతో సహా ప్రింటు తీసి ఇంటర్ సర్టిఫికెట్లతో పాటు ఫైల్లో పెట్టుకోవాలి. ఐదేళ్ల తరవాత నమోదుకు దరఖాస్తు చేసే రోజున అది అక్కరకొస్తుంది.